ఇంట్లోనే చిన్న పురుగుల ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారిలో మంచి కెమెరా కొన్నవారికి కొదవ లేదు. అయితే ఆ కెమెరా ఏడాదిలో చాలా భాగం అల్మరాలోనే ఉండి, నంది కొండకో కబినికో వెళ్ళినప్పుడు మాత్రమే బయటికి వస్తుంది. సెలవు రోజున కూడా ట్రాఫిక్‌లోకి దిగడం ఇష్టం లేనివారు ఇంటి గడప దాటకుండానే చేయగలిగిన పని ఈ చిన్న పురుగుల ఫోటోగ్రఫీ. కొత్తగా మొదలుపెట్టినవారు మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బును మొదట లెన్స్ మీద కాకుండా వెలుతురు మీద ఖర్చు పెట్టాలన్న అభిప్రాయం ఈ జవాబులన్నిటి వెనకా ఉంది.

దగ్గరగా తీసిన ప్రతి ఫోటోనూ మాక్రో అనవచ్చా?

వాడుకలో అలాగే అంటున్నారు గానీ, దానికి ఒక కొలత ఉంది. పురుగు అసలు పొడవు ఎంతో, కెమెరా సెన్సార్ మీద పడే దాని బింబం కూడా అంతే పొడవు ఉంటే దాన్ని 1:1 మాగ్నిఫికేషన్ అంటారు. సంప్రదాయంగా మాక్రో అక్కడి నుంచే మొదలవుతుంది. బియ్యంలో కనిపించే ముక్కపురుగు సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది, చాలా కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ రకం సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. అంటే 1:1లో తీసినా ఆ పురుగు ఫ్రేము వెడల్పులో ఎనిమిదో వంతే ఆక్రమిస్తుంది. సీతాకోకచిలుకకు 1:1 అక్కరలేదు, చీమకు అది చాలదు. ఏ పురుగును తీయాలనుకుంటున్నారో ముందు తేల్చుకుంటే పరికరాల విషయంలో సగం సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. దానితో మొదలుపెట్టవచ్చా?

నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు. అయితే ఫోను వివరాల పట్టికలో మాక్రో అన్న మాట కనిపించగానే సంబరపడనక్కరలేదు. తక్కువ ధర ఫోన్లలో 2 మెగాపిక్సెళ్ళ మాక్రో కెమెరా పేరుతో ఇచ్చేది చాలావరకు అలంకారమే. అటువంటి ఫోన్లలో ప్రధాన కెమెరాతో కాస్త దూరం నుంచి తీసి కత్తిరించుకున్న ఫోటోయే మెరుగ్గా ఉంటుంది. ఆటోఫోకస్ ఉన్న అల్ట్రావైడ్ కెమెరా గల ఫోన్లు మాత్రం నిజంగా పనికొస్తాయి. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువు మీద కూడా ఫోకస్ చేయగలదు. ఇతర ఫోన్లు ఉన్నవారు క్లిప్పుతో తగిలించుకునే చిన్న మాక్రో లెన్సు ఒకటి కొనుక్కుంటే చాలు.

ఇబ్బంది అంతా వెలుతురు దగ్గర వస్తుంది. రెండు సెంటీమీటర్ల దూరానికి చేరేసరికి ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది, ఫోన్‌లోని ఫ్లాష్ లెన్సుకు పక్కగా ఉండటం వల్ల ఒకవైపే కొట్టినట్టు వెలుగునిస్తుంది. అందువల్ల ఇంట్లోవారి ఫోన్ టార్చిని పక్క నుంచి, ట్రేసింగ్ కాగితం ముక్క అడ్డుపెట్టి వేయించుకోవడం మేలు.

కిట్ లెన్సుతో వచ్చిన పాత కెమెరా ఉంది. మాక్రో లెన్స్ కొనకుండా పని జరుగుతుందా?

జరుగుతుంది. దానికి మూడు మార్గాలు ఉన్నాయి, మూడింటికీ వాటి వాటి ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. వీటిలో గాజు ఉండదు. లెన్సును కెమెరాకు దూరంగా జరిపే బోలు గొట్టాలు మాత్రమే. ట్యూబుల పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకెతో) భాగిస్తే అదనంగా వచ్చే మాగ్నిఫికేషన్ తెలుస్తుంది. 12, 20, 36 మిల్లీమీటర్ల ట్యూబుల సెట్టు మొత్తాన్ని 50 మిల్లీమీటర్ల లెన్సుకు జతచేస్తే 68ని 50తో భాగించగా 1.36 రెట్లు వస్తుంది. ఇదే సెట్టును కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్సుకు తగిలించి, జూమును 18 దగ్గర పెడితే ఫోకస్ అయ్యే చోటు లెన్సు లోపలికే వచ్చేస్తుంది కాబట్టి ఏదీ కనిపించదు. ట్యూబులు పాడైపోయాయని అనుకోకుండా లెన్సును 55 వైపు తిప్పి చూడాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే ట్యూబుల్లో విద్యుత్ కాంటాక్టులు ఉండవు, కాబట్టి ఆటోఫోకస్ పనిచేయదు, అపర్చర్‌ను (లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని) మార్చడానికీ వీలుండదు.

రెండోది రివర్స్ రింగ్. దీనితో లెన్సును తలకిందులుగా, అంటే ముందు భాగం కెమెరా వైపు ఉండేలా బిగిస్తారు. ఇందులో లెక్క తిరగబడుతుంది: 50 దగ్గర సుమారు 1:1 వస్తే, 18 దగ్గర మూడు రెట్లకు పైగా వస్తుంది. పురుగుకూ లెన్సుకూ మధ్య 4 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఖాళీ మిగులుతుంది, దుమ్మంతా లెన్సు వెనక గాజు మీదకు చేరుతుంది. అపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్సు దొరికితే ఈ పద్ధతికి అంతకు మించినది లేదు.

మూడోది లెన్సు ముందు తగిలించే క్లోజప్ గాజు. వీటిలో బాగా వాడుకలో ఉన్నది రేనాక్స్ డీసీఆర్-250. దీని శక్తి 8 డయాప్టర్లు, అంటే ఫోకల్ లెంగ్త్ 125 మిల్లీమీటర్లు. 55-250 వంటి జూమ్ లెన్సును 250 దగ్గర పెట్టి దీన్ని తగిలిస్తే రెండు రెట్ల మాగ్నిఫికేషన్ వస్తుంది. ఆటోఫోకస్, అపర్చర్ రెండూ యథాప్రకారం పనిచేస్తాయి. పాత జూమ్ లెన్సు ఇంట్లో ఉన్నవారు ముందు ఆలోచించవలసినది దీని గురించే.

మాక్రో లెన్సే కొనాలనుకుంటే ఏది మంచిది?

90 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్య ఉన్నది ఏదైనా ఫరవాలేదు. కొత్తది కాకపోయినా ఫరవాలేదు. ఫోకల్ లెంగ్త్ తగ్గేకొద్దీ పురుగుకు మరింత దగ్గరగా వెళ్ళవలసి వస్తుంది, అది ఎగిరిపోతుంది. 1999లో వచ్చిన కెనాన్ ఎంపీ-ఈ 65 లెన్సు ఒకటి నుంచి ఐదు రెట్ల వరకు ఇస్తుంది గానీ, దానితో మామూలు ఫోటో ఒక్కటి కూడా తీయలేరు. అది మొదటి లెన్సుగా కొనదగినది కాదు.

పురుగు కన్ను స్పష్టంగా వస్తే కాళ్ళు మసకగా ఉంటున్నాయి. లోపం కెమెరాలో ఉందా?

లోపం ఎక్కడా లేదు. దగ్గరికి వెళ్ళేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోవడం కాంతి స్వభావం. పెద్ద సెన్సార్ గల ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 వద్ద అపర్చర్‌ను ఎఫ్/8 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెడితే స్పష్టంగా వచ్చే మందం సుమారు 1 మిల్లీమీటరు. రెండు రెట్లకు వెళితే అది మిల్లీమీటరులో మూడో వంతుకు పడిపోతుంది. పెద్ద నల్లచీమ తల వెడల్పు అంతకంటే ఎక్కువ.

ఇంత సన్నని పొరలో ఏం పట్టుకోవాలన్నదే ఈ కళలో అసలు నిర్ణయం. కన్ను కనిపిస్తున్నంతవరకు ఫోకస్ కంటి మీదే ఉండాలి. కన్ను మసకబారిన పురుగు ఫోటో ఎంత రంగురంగులుగా ఉన్నా నిలవదు. ఆ తర్వాత చేయగలిగింది పురుగుకూ కెమెరాకూ మధ్య కోణాన్ని మార్చడం. గోడ మీద పాకుతున్న సాలెపురుగును పైనుంచి తీస్తే దాని వీపు మొత్తం సెన్సార్‌కు సమాంతరంగా ఉంటుంది కాబట్టి అంతా ఒకే పొరలోకి వస్తుంది. అదే సాలెపురుగును ఎదురుగా తీస్తే కళ్ళు మాత్రమే స్పష్టంగా వచ్చి మిగతాది కరిగిపోతుంది. రెండూ మంచి ఫోటోలే, కానీ వంకరగా, సగం పక్క నుంచి సగం ముందు నుంచి తీసినది మాత్రం దేనికీ చెందకుండా పోతుంది.

ఇక ఫోకస్ చేసే తీరు గురించి ఒక మాట. ఈ దూరంలో ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉండిపోతుంది. లెన్సును మాన్యువల్‌లో ఒక చోట నిలిపి, మోచేతులను గోడకో బల్లకో ఆనించి, శరీరాన్ని వెంట్రుకవాసి ముందుకు వంచుతూ కన్ను స్పష్టమైన క్షణంలో బటన్ నొక్కాలి. ఊపిరి పూర్తిగా వదిలిన తర్వాత నొక్కితే చేయి నిలకడగా ఉంటుంది.

అయితే ఎఫ్/22 పెట్టేస్తే లోతు పెరుగుతుంది కదా?

లోతు పెరుగుతుంది, స్పష్టత పోతుంది. మాక్రోలో అపర్చర్ అంకె కనిపించినంతే ఉండదు: సాధారణ లెక్క ప్రకారం 1:1 వద్ద అది రెట్టింపు అవుతుంది, కాబట్టి ఎఫ్/11 పెడితేనే ఎఫ్/22 పెట్టినట్టు, ఎఫ్/22 పెడితే ఎఫ్/44 పెట్టినట్టు. అంత సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి వివర్తనం వల్ల చెదిరి, రోమాలూ పొలుసులూ అన్నీ మెత్తగా కలిసిపోతాయి. 1:1 వరకు ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య, అంతకు మించితే ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య ఉండటం మంచిది.

ఫ్లాష్ తప్పనిసరా? కిటికీ వెలుతురు చాలదా?

కదలని పురుగుకు, అంటే గుడ్లకు, ప్యూపాకు (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశకు), ఆకును అంటుకుని ఉన్న పిండినల్లికి కిటికీ వెలుతురు చాలు. కదిలే పురుగుకు చాలదు. రెండు రెట్లు పెద్దదిగా చూపే లెన్సు చేతి వణుకును కూడా అంతే పెద్దదిగా చూపుతుంది. దానికి తోడు అపర్చర్ మూసి ఉంటుంది కాబట్టి ఇంటి లోపల షట్టర్ వేగం ఎటూ చాలదు.

ఫ్లాష్ ఈ చిక్కును విడదీసే తీరు గమనించదగ్గది. కెమెరా మీద బిగించే ఫ్లాష్‌ను (స్పీడ్‌లైట్‌ను) పూర్తి శక్తితో కాక 1/32 శక్తితో వెలిగిస్తే ఆ మెరుపు సెకనులో పదివేలవ వంతు ప్రాంతంలో ఉంటుంది. గదిలో మిగతా వెలుతురు ఫోటోలో పడనంత తక్కువగా ఉన్నప్పుడు కదలికను ఆపేది షట్టర్ కాదు, ఆ మెరుపే. కాబట్టి కెమెరాను మాన్యువల్ మోడ్‌లో ఉంచి షట్టర్ 1/200, అపర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 200, ఫ్లాష్ 1/16 లేదా 1/32 పెట్టుకుని మొదలుపెట్టండి; తర్వాత ఒక్క ఫ్లాష్ శక్తిని మాత్రమే పెంచుతూ తగ్గిస్తూ పోతే చాలు.

అయితే ఫ్లాష్‌ను ఏ తెరా అడ్డు లేకుండా అలాగే కొడితే వచ్చే ఫోటో చూడలేం. పురుగు వీపు గట్టిగా, నున్నగా, వంపు తిరిగి ఉంటుంది; అది ఒక చిన్న కుంభాకార దర్పణం. దాని ముందు ఏ దీపం ఉంటే ఆ దీపం ఆకారమే దాని మీద కనిపిస్తుంది. అక్షింతల పురుగు వీపు మీద తెల్లని చుక్క మండిపోయినట్టు వచ్చిందంటే, అది మీ ఫ్లాష్ ముఖం బొమ్మే. దానికి మందు డిఫ్యూజర్: కాంతి వచ్చే ఉపరితలాన్ని పెద్దది చేసి పురుగుకు వీలైనంత దగ్గరగా తేవడం. పెద్దదైన తెల్లని తెర పురుగుకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ చుక్క పరుచుకుని మెత్తని మెరుపుగా మారుతుంది, రెక్కల అసలు రంగు బయటపడుతుంది.

దీన్ని కొనవలసిన పని లేదు. టీవీ, మిక్సీ వంటివి కొన్నప్పుడు పెట్టెలో చుట్టి వచ్చే పలచని తెల్ల ఫోమ్ షీటు అన్నిటికంటే మంచిది. దాన్ని రెండు మడతలు వేసి, లెన్సు ముందు అంచు నుంచి పురుగు పైకి చిన్న పందిరిలా వంగేటట్టు అట్టముక్కతో, రబ్బరు బ్యాండుతో కట్టుకోవాలి. ఫ్లాష్ నుంచి తెర దాకా కాంతి పక్కలకు పోకుండా లోపల వెండి కాగితం అతికించిన అట్ట గొట్టం ఉంటే ఫ్లాష్ తక్కువ శక్తితో సరిపోతుంది. ఫోమ్ దొరకనివారు అవెన్యూ రోడ్డులోని స్టేషనరీ దుకాణాల్లో ట్రేసింగ్ కాగితం తెచ్చుకోవచ్చు. తెల్లని పెరుగు డబ్బా అడుగు కోసి వాడేవారూ ఉన్నారు. కానీ కొన్ని డబ్బాల ప్లాస్టిక్ పసుపు ఛాయను ఇస్తుంది కాబట్టి తెల్ల కాగితాన్ని ఒకసారి ఫోటో తీసి చూసుకోవాలి.

ఖరీదైన లెన్సుకు తెర లేని ఫ్లాష్ కలిపి తీసిన ఫోటో కంటే, పాత కిట్ లెన్సును తిరగేసి, ఫోమ్ పందిరి కింద తీసిన ఫోటో బాగుంటుంది.

ఎల్ఈడీ దీపం కింద తీస్తే ఫోటోలో అడ్డగీతలు వస్తున్నాయి. ఎందుకు?

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక దీపాలు సెకనుకు 100 సార్లు ప్రకాశం మారుతూ ఉంటాయి. షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెడితే గీతలు తగ్గుతాయి. ఫ్లాష్ వాడితే ఈ బాధే ఉండదు.

అపార్టుమెంటులో పురుగులు ఎక్కడ దొరుకుతాయి?

మొదట వంటింట్లో చూడండి. మనవాళ్ళలో చాలామంది బెంగళూరులో ఉంటున్నా బియ్యం బస్తా మాత్రం ఊరి నుంచే తెప్పించుకుంటారు, అందులో మందు కలపవద్దని కూడా చెప్తారు. కాబట్టి రెండు నెలలు తిరిగేసరికి ముక్కపురుగు సిద్ధంగా ఉంటుంది. దాన్ని తెల్లని పళ్ళెంలో వేసి చూస్తే నల్లని చుక్క మాత్రమే. రెండు మూడు రెట్లలో చూస్తే తల ముందుకు సాగి పొడవాటి ముక్కులా మారడం, ఆ ముక్కుకు ఇరువైపులా మోచేయిలా వంగిన మీసాలు, గుంటలు గుంటలుగా ఉన్న వీపు, రెక్కల తొడుగుల మీద నాలుగు మసక ఎర్రని మచ్చలు కనిపిస్తాయి. ఆడపురుగు ఆ ముక్కుతోనే గింజకు రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, జిగురు పదార్థంతో మూసేస్తుంది. ముట్టుకోగానే కాళ్ళు ముడిచి చచ్చినట్టు పడి ఉండటం దీని అలవాటు, ఫోటో తీసేవారికి అదే అవకాశం. అది పడి ఉండగా ఫోకస్ సరిచేసుకుని, కాళ్ళు చాచి లేచే క్షణం కోసం కాచుకోవాలి. రవ్వలో, గోధుమపిండిలో తిరిగే ఎర్రని పిండిపురుగు ఇంతకంటే వేగంగా పాకుతుంది. బియ్యం చెరిగేటప్పుడు కెమెరా పట్టుకుని నిలబడితే ఇంట్లోవారు నవ్వుతారు, నవ్వనివ్వండి.

తర్వాత గోడలు. ఫ్యాను మూలల్లో, అల్మరా వెనక గోడ మీద బూడిద రంగులో దోసగింజ లాంటిది ఒకటి అంటుకుని ఉండటం అందరూ చూసే ఉంటారు. దాన్ని సున్నపు పెచ్చు అనుకుని చీపురుతో దులిపేస్తారు. అది ఒక చిన్న చిమ్మెట లార్వా (పిల్లపురుగు) కట్టుకున్న గూడు. ఇసుక రేణువులు, దుమ్ము, నూలు పోగులు పట్టుతో కలిపి అల్లిన ఆ గూటికి రెండు చివరలా తలుపు ఉంటుంది. లార్వా లోపలే వెనుదిరిగి ఏ చివర నుంచైనా తల బయటపెట్టగలదు. బూజు, రాలిన వెంట్రుకలు దాని ఆహారం. కదిలించకుండా కాసేపు ఎదురుగా ఉంటే గోధుమరంగు నున్నటి తల, మూడు జతల కాళ్ళు బయటికి వచ్చి గూటిని లాక్కుంటూ పోవడం కనిపిస్తుంది. గూటిలోని ఒక్కొక్క ఇసుక రేణువు రంగు విడివిడిగా కనిపించే ఫోటో రావాలంటే వెలుతురు పక్క నుంచి, గోడను రాసుకుంటున్నట్టుగా రావాలి. కెమెరా వైపు నుంచి నేరుగా పడే వెలుతురులో అది మళ్ళీ సున్నపు పెచ్చుగానే కనిపిస్తుంది.

స్నానాలగది గోడ మీద వాలే బొద్దు ఈగలు రోమాలతో కప్పిన రెక్కల వల్ల చిన్న చిమ్మెటల్లా ఉంటాయి. ఇవి కాలువ జాలీలోని పాకుడులో పెరుగుతాయి. త్వరగా ఎగరవు కాబట్టి కొత్తవారికి అనువైనవి.

అన్నిటికంటే పెద్ద గని బాల్కనీ. కరివేపాకు చెట్టు లేత ఆకుల మీద సుమారు మిల్లీమీటరు వెడల్పున గుండ్రని లేతపసుపు గుడ్డు కనిపిస్తే, అది చాలావరకు నిమ్మజాతి మొక్కల మీద బతికే సీతాకోకచిలుకదే. అందులోంచి వచ్చే పురుగు మొదట పక్షి రెట్టలా కనిపించి, చివరి దశలో ఆకుపచ్చగా మారుతుంది. బెదిరితే తల వెనక నుంచి ఘాటైన వాసనతో రెండు పాయల అవయవాన్ని బయటికి తోస్తుంది. గన్నేరు మొగ్గల మీద పసుపుపచ్చని పేనుబంక, మందారం కొమ్మల మీద తెల్లని పిండినల్లి, వాటి నుంచి కారే తీపి తేనెబంక కోసం కాపలా కాసే చీమలు, పేనుబంకనూ పిండినల్లినీ తినడానికి వచ్చే అక్షింతల పురుగులు అన్నీ ఒకే బాల్కనీలో ఉంటాయి. వీటిలో ఒకటి పిండినల్లి లాగే తెల్లని మైనపు పోగులతో ఉండి, వాటికంటే చురుగ్గా కదులుతూ కనిపిస్తే తొందరపడి మందు కొట్టకండి. అది పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే పెంకుపురుగు లార్వా కావచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన ఈ పురుగును 1898లోనే మన దేశానికి తెచ్చారు.

బాల్కనీ మూలలో మట్టిగూళ్ళు కట్టే కందిరీగలను కూడా వదలకూడదు. పురుగును తెచ్చి గూటిలో పెట్టి చుట్టూ ఝంకారం చేస్తే ఆ పురుగే తుమ్మెదగా మారుతుందని భ్రమరకీటక న్యాయం చెబుతుంది. నిజానికి ఈ కందిరీగల్లో కొన్ని జాతులు గొంగళి పురుగులను, మరికొన్ని సాలెపురుగులను కుట్టి, కదలకుండా చేసి, గూటిలో పెట్టి గుడ్డు పెడతాయి. బయటికి వచ్చే కందిరీగ వాటిని తిని పెరిగినది. తాతలు చూసినది తప్పు కాదు, గూటి లోపల జరిగినది వారికి కనిపించలేదు, అంతే.

సాలెపురుగు, ఆరుద్ర పురుగు కీటకాలేనా?

కావు. వాటికి ఎనిమిది కాళ్ళు, కీటకాలకు ఆరే. అయినా ఈ పనిలో ఆ భేదం ఎవరూ పాటించరు. ఎగిరి దూకే సాలెపురుగు ఇంటి గోడల మీద దొరికే వాటన్నిటిలోకీ మంచి నమూనా, ఎందుకంటే దాని ముందరి రెండు పెద్ద కళ్ళు మిమ్మల్ని తిరిగి చూస్తాయి.

బెంగళూరులో ఏ నెలలు అనుకూలం?

ఏప్రిల్, మే నెలల్లో తొలి వానలు పడిన సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి. దీపం ఆర్పేసే ముందు ఒకటి రెండు ఫోటోలు తీసుకోండి. ఉసిళ్ళ నాలుగు రెక్కలూ ఒకే పొడవు ఉంటాయి, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. రెక్కల చీమలకు ముందు రెక్కలు పెద్దవి, మీసాలు వంగి ఉంటాయి. ఈ తేడా కంటికి కనిపించదు గానీ ఫోటోలో తెలుస్తుంది. జూన్ నుంచి అక్టోబరు వరకు బాల్కనీలో సందడి ఎక్కువ. డిసెంబరు, జనవరి ఉదయాలు చల్లగా ఉంటాయి కాబట్టి పురుగులు తక్కువైనా ఉన్నవి కదలవు. చెన్నైలో ఉన్న మిత్రులకు ఈ సౌకర్యం ఇంతగా ఉండదు.

పురుగు కదలకుండా ఉండటానికి ఫ్రిజ్‌లో పెట్టి తీస్తారట. నిజమేనా?

కొందరు చేస్తారు, కానీ చేయకూడదు. చలికి కొన్ని జాతులు చచ్చిపోతాయి, చావనివి కాళ్ళు ముడుచుకుని అసహజంగా పడి ఉంటాయి, బయటికి తీయగానే వాటి మీద తేమ పేరుకుంటుంది. చూడటం తెలిసినవారు అటువంటి ఫోటోను ఇట్టే పట్టేస్తారు. జిగురుతో అంటించడం, రెక్కలు తడపడం కూడా ఇదే కోవకు చెందుతాయి.

దానికి బదులు పురుగు తనంతట తాను ఆగే సమయం వెతకాలి. చీమలు కావాలంటే ఆకు మీద ఒక్క బొట్టు బెల్లం నీళ్ళు వేసి, ఆ బొట్టు మీద ముందే ఫోకస్ చేసి ఉంచండి. తాగుతున్నంతసేపూ తల కదలదు. ఈగ కాళ్ళు రుద్దుకునేటప్పుడు, సాలెపురుగు ఆహారం తినేటప్పుడు దగ్గరికి వెళ్ళనిస్తాయి. నీడ మీద పడకుండా, తలతో సమాన ఎత్తులో, మెల్లగా జరగాలి. దొరికిన సీతాకోకచిలుకనల్లా పట్టి దాచుకోవడం కూడా మంచిది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే ప్రాణుల జాబితాల్లో (షెడ్యూళ్ళలో) కొన్ని సీతాకోకచిలుకలు కూడా ఉన్నాయి.

ట్రైపాడ్ కావాలా?

గుడ్లకు, ప్యూపాకు తప్ప అక్కరలేదు. ట్రైపాడ్ కాళ్ళు సర్దేలోపు పురుగు గోడ దాటిపోతుంది.

ఫోకస్ స్టాకింగ్ అంటే ఏమిటి? ఎప్పుడు చేయాలి?

ఒకే దృశ్యాన్ని ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ వరుసగా తీసి, ప్రతి ఫోటోలో స్పష్టంగా ఉన్న పొరను మాత్రమే తీసుకుని కంప్యూటర్‌లో కలపడాన్ని స్టాకింగ్ అంటారు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ డబ్బు పెట్టి కొనవలసినవి, పికోలే ఉచితం. చనిపోయి దొరికిన పురుగుకు, నిద్రపోతున్న దానికి ఇది బాగా పనికొస్తుంది. మీసాలు కదిలిస్తున్న దానితో చేస్తే ఒక మీసం నాలుగుగా వస్తుంది. మొదటి ఏడాది దీని జోలికి పోకుండా ఒక్క ఫోటోలోనే కోణం సరిగా కుదుర్చుకోవడం నేర్చుకున్నవారు, తర్వాత స్టాకింగ్ కూడా బాగా చేస్తారు.

ఇందులో ప్రమాదం ఏమైనా ఉందా?

వానాకాలం రాత్రి దీపానికి వచ్చేవాటిలో నారింజ, నలుపు పట్టీలతో సన్నగా, సెంటీమీటరుకు లోపు పొడవున్న పురుగు కనిపిస్తే చేత్తో తోయకండి, ముఖ్యంగా చర్మం మీద నలపకండి. అది పేడరస్ జాతి. దాని శరీరంలోని రసం తగిలిన చోట మరునాటికో ఆ పైనాటికో మంట, బొబ్బలు వస్తాయి. తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. రోమాలున్న గొంగళి పురుగులను, జెర్రిని ముట్టుకోకుండా తీయాలి. కందిరీగ గూటి ముందు ఫ్లాష్ పదే పదే కొట్టడం కూడా తెలివైన పని కాదు.

అపార్టుమెంటులో పెస్ట్ కంట్రోల్ వారు మందు కొట్టిన వారం పాటు ఎక్కడా ఏదీ కనిపించదు. మీ బాల్కనీ మొక్కలకు కొట్టవద్దని సిబ్బందికి ముందే చెప్పుకోవచ్చు; అసోసియేషన్ వారు సాధారణంగా కాదనరు.

తీసిన పురుగు పేరు తెలుసుకోవడం ఎలా?

ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో ఫోటో పెడితే దాని సాఫ్ట్‌వేర్ ముందు ఒక అంచనా చెబుతుంది, తర్వాత తెలిసినవారు సరిచేస్తారు. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ కూడా ఇందుకు ఉపయోగపడుతుంది. పంటల మీద వాలే పురుగుల విషయంలో మన నగరానికి ఒక అదృష్టం ఉంది: వ్యవసాయ కీటకాల మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్ ఇక్కడే హెబ్బాళలో ఉంది, వారి వెబ్‌సైటులో ఫోటోలతో కూడిన సమాచారం దొరుకుతుంది.

పేరు చెప్పేవారికి ఒక్క అందమైన ఫోటో చాలదు. వీపు, పక్క భాగం, ముఖం మూడూ తీయండి. కొలత తెలిసేలా పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి తీయండి. ఏ మొక్క మీద, ఏ నెలలో కనిపించిందో రాయండి. చాలా చిన్న ఈగలూ కందిరీగలూ ఫోటోను చూసి జాతి వరకు చెప్పడానికి వీలుకానివి. వాటి విషయంలో కుటుంబం పేరు తెలిసినా సంతోషించవలసిందే.

వానాకాలంలో లెన్సుకు బూజు పట్టకుండా ఎలా చూసుకోవాలి?

తోలు సంచిలో, అల్మరా అడుగున దాచవద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో చిన్న హైగ్రోమీటరు పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. జెల్ రంగు మారగానే పొట్లాలను డబ్బాలోంచి తీసి, తయారీదారు చెప్పిన వేడిలో ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. రివర్స్ రింగుతో వాడిన లెన్సును మాత్రం డబ్బాలో పెట్టే ముందు వెనక గాజు మీద దుమ్మును బ్లోయరుతో ఊది, మూత బిగించి పెట్టండి.